టిప్పు తీసుకోని గైడు

విశాఖలో ఉచితంగా నడిపించి ఊరు చూపించే టూర్లు నాలుగున్నాయట. మా ఆయన యతిరాజులు వారం రోజులు ఫోన్లో వాటి రివ్యూలు చదివారు. మా అమ్మాయికి సంబంధం చూసినప్పుడు కూడా ఇంత విచారించలేదు.

"ముప్పై ఏండ్లుగా వచ్చిన సుట్టాలకంతా తిరుపతి నేనే సూపించినాను. ఒక్కపూటన్నా నన్నెవరైనా తిప్పనీ," అన్నారు.

చివరికి, గైడు టిప్పు కూడా ముట్టడని జనం మెచ్చుకున్న టూరును ఎంచుకున్నారు.

బీచ్ రోడ్డులో గైడు అందరి ఊర్లూ అడిగాడు. తిరుపతి అనగానే మా ఆయన చెయ్యి పట్టుకుని, రెండు గంటలు వదల్లేదు. ఈయన పొంగిపోయారు.

ఆఖర్న టిప్పు ఇవ్వబోతే గైడు లెంపలేసుకున్నాడు.

"తిరుపతి వాళ్ల దగ్గర టిప్పా సార్! శుక్రవారం మేం పదకొండుమంది వస్తున్నాం. దర్శనం మీరు చేయించండి చాలు. రూములొద్దు, మీ ఇంట్లోనే సర్దుకుంటాం."