ఆఖరి ఆదివారం డీజిలు

ఒడీల్ తమ్ముడు రెజీస్ పోయిన రోజు ఉదయం వాబ్రెట్ ఊరి కూడలిలో కార్లు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి.

అంతకు ముందు సాయంత్రం కొండ అవతలి ఒరియాక్ ఆసుపత్రి నుంచి ఒడీల్‌కి ఫోను వచ్చింది. "మీ తమ్ముడు మిమ్మల్ని అడుగుతున్నాడు. పొద్దున్నే వచ్చేయండి, ఆలస్యం చెయ్యకండి," అంది నర్సు. అప్పటికే కొండదారి మూసేశారు. మంచు తోసే బండి తెల్లవారితేగాని రాదు. ఒడీల్ పడుకోలేదు. వెలుతురు రాకముందే సంచీ సర్దుకుంది. ఉన్ని మేజోళ్ళు పెట్టింది. తమ్ముడు తినలేడని తెలిసి కూడా ప్లమ్ పళ్ళ జామ్ సీసా ఒకటి పెట్టింది.

కారు మొదటి తిప్పుకే అందుకుంది. కూడలి దాకా వెళ్ళి, దగ్గినట్టు రెండుసార్లు కుదిపి, ఆగిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు తాళం తిప్పినా ఇంజను తిరుగుతుందే తప్ప అంటుకోదు.

చప్పుడు విని తియెర్రీ వచ్చాడు. ఆవులు పెంచుకునే మనిషి. ఊళ్ళో ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ముందు అతని తలుపే తడతారు. "దిగు ఒడీల్, నా బండిలో దింపేస్తా," అన్నాడు. అతని బండి దొడ్డి గేటు దాటీ దాటకుండానే ఆగింది. చర్చి పక్కన పోస్టుమాన్ కారు పరిస్థితీ అంతే. పెట్రోలు కార్లున్న ఇద్దరూ అప్పటికే పనులకు వెళ్ళిపోయారు. దగ్గర్లోని చిన్న పట్నంలో ఉన్న ఒకే ఒక టాక్సీ రోగుల్ని డయాలిసిస్‌కి తీసుకెళ్ళింది, మధ్యాహ్నం దాకా రాదు. బేకరీ జోసెట్ వ్యాను మాత్రం ఎప్పటిలాగే చీకటితోనే బయల్దేరి, రొట్టెలు పంచడానికి కొండ మీది ఇళ్ళకు వెళ్ళింది. అక్కడ ఫోనులు పలకవు.

అప్పుడు వచ్చాడు అన్సెల్మ్, చేతిలో వేడినీళ్ళ కెటిల్‌తో. ఎనభై దాటిన మనిషి. ఊళ్ళో ఉన్న ఒక్క పెట్రోలు బంకూ ఆయనదే. ఒడీల్ తండ్రికి ప్రాణస్నేహితుడు. జ్ఞానస్నానం నాడు ఆమెను చేతుల్లో ఎత్తుకున్నవాడు. ఒడీల్‌కి మాటలు వచ్చినప్పటి నుంచీ బాబాయే.

గుడ్డను వేడినీళ్ళలో ముంచి ఫిల్టరు చుట్టూ చుడుతూ, "ఎన్నిసార్లు చెప్పానమ్మా?" అన్నాడు. "క్యాబేజీలమ్మే చోట డీజిలు కొనొద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఆ సూపర్‌మార్కెట్‌వాడు పోసేది బట్టలుతికిన నీళ్ళు. చలి తగిలితే గడ్డకట్టక ఏమవుతుంది?"

తియెర్రీ నోరు తెరిచాడు. ఒడీల్ ముఖం చూసి మూసుకున్నాడు. పోస్టుమాన్ తన బూట్ల కేసి చూసుకున్నాడు. ఆగిపోయిన ఆ కార్లన్నిటిలోనూ ఉన్నది ఏ డీజిలో అక్కడున్న అందరూ ఎరుగుదురు, అన్సెల్మ్‌కే తెలియదనుకున్నారు.

అది ఆయన డీజిలే.

కొత్త నిబంధనలొచ్చాయి. భూమిలో పాత ఇనుప ట్యాంకులున్న బంకులు ఏడాది చివరికల్లా మూసేయాలి, లేదా ట్యాంకు మార్చుకోవాలి. మార్చే స్తోమతు అన్సెల్మ్‌కి లేదు, వయసూ లేదు. ట్యాంకులో ఏమైనా మిగిలితే దాన్ని తోడించుకునే ఖర్చు కూడా ఆయన మీదే పడుతుంది. సంగతి తెలిసి ఊరంతా ఒక మాట అనుకుంది. డిసెంబరు మొదటి ఆదివారం అందరూ వచ్చి, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా పోయించుకుందాం, ముసలాయన పంపును గౌరవంగా సాగనంపుదాం అని.

నిజానికి వాళ్ళంతా ఏళ్ళ తరబడి పట్నం డీజిలే పోయించుకుంటున్నారు. శనివారం సరుకులకు వెళ్ళినప్పుడు సూపర్‌మార్కెట్ బయట ట్యాంకు నింపుకోవడం, ఊళ్ళోకి వచ్చాక మొహమాటానికి అన్సెల్మ్ దగ్గర ఓ పది లీటర్లు పోయించుకోవడం అలవాటైపోయింది. ఆ చవక డీజిలుతో ఎవరి కారూ ఎప్పుడూ మొరాయించలేదు. అన్సెల్మ్‌కీ ఈ సంగతి తెలుసు. పది లీటర్లు పోసేటప్పుడు, "మీ బండికి మందు వేస్తున్నా, లోపలున్న విషానికి విరుగుడు," అని నవ్వేవాడు.

ఆ ఆదివారం పది లీటర్లు పోయించుకుంటే మర్యాదగా ఉండదని అందరూ అనుకున్నారు. ఖాళీ ట్యాంకుతో వెళ్ళాలి, నిండా పోయించుకోవాలి. ఒడీల్ వారం ముందు నుంచే డీజిలు పోయించడం మానేసింది. శుక్రవారం పట్నంలో, కారులో ఎర్రదీపం వెలుగుతుండగా, సూపర్‌మార్కెట్ పంపుల ముందు నుంచే వెళ్ళింది. దిగలేదు. విందుకు వెళ్ళేముందు ఆకలిని దాచుకున్నట్టు ఖాళీ ట్యాంకును దాచుకుంది.

ఆదివారం బంకు ముందు పండగలా జరిగింది. జోసెట్ వ్యాను ముందురోజే పట్నంలో నిండింది. ఆ సిగ్గుకి ఆమె రెండు బుట్టల తీపిరొట్టెలు తెచ్చింది. తియెర్రీ సాసేజీలు కాల్చాడు. ఎవరో అకార్డియన్ పట్టుకొచ్చారు. అన్సెల్మ్ నీలం ఓవర్‌కోటు ఇస్త్రీ చేయించుకుని, ప్రతి కారుకీ తన చేత్తోనే పోశాడు. వరసలో ఆఖరి కారు ఒడీల్‌ది. అలా ఉంచింది ఆయనే. "ఆఖరి చుక్క మా అమ్మాయికే," అన్నాడు. పంపు ఆమె ట్యాంకులోకి పోస్తూ పోస్తూ గరగరమని, గాలి కక్కి ఆగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన గొట్టం తగిలించి, చేతులు తుడుచుకుని, చాలాసేపు అటు తిరిగే నిలబడ్డాడు.

ఆ ట్యాంకులో చివరిసారి సరుకు దిగింది సెప్టెంబరులో. ఏటా నవంబరులో, చలికి గడ్డకట్టని చలికాలపు డీజిలు దిగేది. ఈసారి మూసేస్తున్నాం కదా అని ఆయన తెప్పించలేదు. మిగిలిందంతా ఎండాకాలపు సరుకు. ట్యాంకు అడుగున ఉన్నది మరీ పాతది. ఆ ఆదివారం తర్వాత పది రోజులకు ఉష్ణోగ్రత సున్నాకి పదహారు డిగ్రీల కిందికి దిగింది. డీజిలులోని మైనం పేరుకుని ఫిల్టర్లు మూసుకుపోయాయి. ఆ పది రోజుల్లో అందరూ మళ్ళీ పట్నంలో పోయించుకుని ఉంటారని అన్సెల్మ్ అనుకుంటున్నాడనే ఊరంతా భావించింది.

వేడినీళ్ళకు ఏ బండీ కదల్లేదు. జోసెట్ రొట్టెలు పంచి తిరిగొచ్చేసరికి పొద్దెక్కింది. కూడలిలో ఆగిన కార్లనూ ఒడీల్ ముఖాన్నీ చూసి ఇంకేమీ అడగలేదు. పక్కసీటు మీది గంపల్ని వెనక్కి తోసి, "ఎక్కు," అంది.

రొట్టె వాసన నిండిన ఆ వ్యానులో ఇద్దరూ కొండ దాటారు. ఆసుపత్రికి చేరేసరికి రెజీస్ గది కిటికీ తెరిచి ఉంది. ప్రాణం పోయిన గదికి కిటికీ తెరవడం అక్కడి ఆనవాయితీ, అంత చలిలో ఎందుకు తెరిచారో ఒడీల్‌కి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. "పొద్దున కాఫీలిచ్చే వేళ దాటాక కూడా తెలివిలోనే ఉన్నాడు," అంది నర్సు. "తలుపు వైపు చూస్తూనే ఉన్నాడు. మా అక్క వచ్చిందా అని రెండుసార్లు అడిగాడు."

అంత్యక్రియలయ్యాక జోసెట్, తియెర్రీ ఆమె వంటింట్లో కూర్చున్నారు.

"ఎవరో ఒకరు చెప్పాలి ఆ ముసలాయనకి," అన్నాడు తియెర్రీ. "ఇందాక శ్మశానం గేటు దగ్గర కూడా మొదలెట్టాడు, క్యాబేజీలూ డీజిలూ అంటూ. నోటిదాకా వచ్చింది నాకు."

"మింగెయ్," అంది ఒడీల్.

"పోయింది నీ తమ్ముడు. నువ్వా ఆ మాటనేది?"

"ఆయనకి ఆ పంపు తప్ప ఇంకేముంది తియెర్రీ? అదీ పోయింది. ప్రేమ కొద్దీ పోయించుకున్నాం. ఇప్పుడు దాన్నే తీసుకెళ్ళి ఆయన మొహాన కొడదామా?"

"మరి నా వ్యాను ఆవేళ ఎలా నడిచిందని అడిగితే?" అంది జోసెట్. "నేను పోసేది పట్నం డీజిలేనని ఆయనకి తెలుసు కదా."

"పొయ్యి పక్కన పెట్టానని చెప్పు."

"వ్యానునా?"

"రొట్టెలకన్నా బాగా కాలిందని చెప్పు."

అంత దుఃఖంలోనూ ముగ్గురికీ నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఒప్పందమైపోయింది. మర్నాటికి ఊరందరికీ తెలిసింది. ఎవరిని అడిగినా బ్యాటరీ అన్నారు, చలి అన్నారు, కారు పాతదైపోయిందన్నారు.

అన్సెల్మ్ మాత్రం ఊరుకోలేదు. గురువారం పేకాటలో అదే మాట. బేకరీ ముందు అదే మాట. రోజురోజుకీ గొంతు పెంచుతున్నాడు. "నా డీజిలు పోసుకున్నన్నాళ్ళూ ఈ ఊళ్ళో ఒక్క బండి ఆగిందా? చెప్పండి!" అనేవాడు. అని, ఒక్కొక్కరి ముఖంలోకీ చూసేవాడు. వాళ్ళు పేకముక్కలు సర్దుకునేవారు. ఒడీల్ కనిపిస్తే గొంతు తగ్గించేవాడు. అది ఆమెకి ఇంకా కష్టంగా ఉండేది. "లీటరుకి నాలుగు సెంట్లు చవకని ఆశపడ్డావమ్మా. పడకపోతే తమ్ముణ్ణి చూసుకునేదానివి," అనేవాడు. ఆమె "అవును బాబాయ్" అనేది. ఇంటికొచ్చి, చేస్తున్న పనేదో మరిచిపోయి నిలబడేది.

మార్చిలో ట్యాంకును పూడ్చడానికి మనుషులొచ్చారు. కూడలిలో లారీ ఆపి, గొట్టం దింపి, భూమిలోకి సిమెంటు నురగ పోస్తున్నారు. అన్సెల్మ్ ఓవర్‌కోటు వేసుకుని పక్కనే నిలబడ్డాడు. ఒడీల్ రొట్టె కొనుక్కుని అటుగా వస్తోంది.

"జాగ్రత్తగా పొయ్యండయ్యా," అంటున్నాడు ఆయన మేస్త్రీతో. "ఈ ట్యాంకు ఎవరి కొంపా ముంచలేదు. ముంచింది ఆ సూపర్‌మార్కెట్. ఇదిగో, ఈ అమ్మాయినడగండి. ఆ డీజిలు పోయించుకుని తమ్ముడి ఆఖరి చూపు పోగొట్టుకుంది. చెప్పు తల్లీ."

"నా కారులో ఉన్నది నీ డీజిలు బాబాయ్," అంది ఒడీల్.

తన గొంతేనా అనిపించింది ఆమెకి. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. "అందరి కార్లలోనూ నీదే. నీ మనసు కష్టపడుతుందని ఊరంతా నోరు మూసుకుంది. ఇక నువ్వూ మూసుకో."

మేస్త్రీ లారీ వెనక్కి వెళ్ళిపోయాడు. అన్సెల్మ్ ఓవర్‌కోటు గుండీలన్నీ పెట్టే ఉన్నా మళ్ళీ ఒకసారి తడుముకుని, ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

సాయంత్రం దాకా ఒడీల్ అటూ ఇటూ తిరిగి, చివరికి వెళ్ళి ఆ తలుపు తట్టింది. ఆయన బంగాళదుంపలు చెక్కు తీస్తున్నాడు. కుర్చీ చూపించాడు. కాఫీ పోశాడు.

"తప్పుగా మాట్లాడాను బాబాయ్."

"తప్పేం లేదు. నాకు తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"ఆవేళే తెలుసు. కెటిల్ పట్టుకుని బయటికొచ్చి, నీ కారు ఫిల్టరు చూశాగా. ఇన్నేళ్ళు ఈ పని చేశాను, ఎండాకాలపు సరుకు చలికి ఎలా పేరుకుంటుందో నాకు తెలీదా?" దుంప తిప్పి, చెక్కు పొడుగ్గా తీశాడు. "వాళ్ళ డీజిలు మంచిదే. వాళ్ళకీ నాకూ ఒకే డిపో నుంచి వచ్చేది. వాళ్ళది రోజూ ఖర్చయిపోతుంది కాబట్టి ఎప్పటికప్పుడు కొత్తది దిగుతుంది. నాదీ మంచిదే. సెప్టెంబరులో."

"మరెందుకు? చలికాలమంతా ఆ మాటలెందుకన్నావు నన్ను?"

ఆయన కత్తి కింద పెట్టాడు.

"మొదట్లో భయం కొద్దీ అన్నాను. తర్వాత, ఎవరో ఒకరు కాదంటారని అన్నాను. కాదు ముసలోడా, నీ వల్లే అని ఒక్కళ్ళంటే చాలు, ఒప్పేసుకుందామని. రోజూ ఇంకొంచెం గట్టిగా అన్నాను. ఒక్కళ్ళూ అనలేదు. పొయ్యి పక్కన వ్యాను పెట్టానంది జోసెట్. నేను తలూపాను." నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. "నీ ముందు ఒప్పుకోడానికి నోరు రాలేదు తల్లీ. ఎప్పుడొచ్చినా 'అవును బాబాయ్' అనేదానివి."

ఒడీల్ కాఫీ గిన్నె రెండు చేతులతో పట్టుకుంది. దయ అనుకుని తాను కట్టిన గోడకి అవతల ఈయన ఒంటరిగా గడిపిన చలికాలమంతా కళ్ళ ముందుకు వచ్చింది. శ్మశానం గేటు దగ్గర, పేకబల్ల దగ్గర, ఒక్కొక్కరి ముఖంలోకి ఆయన చూసిన చూపు ఏమిటో ఇప్పుడు తెలిసింది.

"ఒక్కటి చెప్పు," అన్నాడు అన్సెల్మ్. "ఆవేళ కారు నడిచి ఉంటే, తమ్ముణ్ణి ప్రాణంతో అందుకునేదానివా?"

కొండదారి ఆ పొద్దున తొందరగానే తెరిచారు. ఆసుపత్రిలో కాఫీలిచ్చే వేళకి ఆమె తమ్ముడి మంచం పక్కన ఉండేది. ఆయనకి అబద్ధం చెప్పడం ఎంత పాపమో ఇప్పుడే చూసింది. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"కాఫీ చల్లారిపోతోంది బాబాయ్," అని లేచింది.

ఇప్పుడు ట్యాంకు ఉన్నచోట పూలతొట్లు పెట్టారు. అన్సెల్మ్ పేకాటకు వస్తాడు. డీజిలు ఊసెత్తడు. ఒడీల్ శనివారాలు ఆయన్ని కూడా పట్నానికి తీసుకెళ్తుంది. ఆమె సూపర్‌మార్కెట్ పంపు దగ్గర నింపుకుంటుంటే ఆయన కారులోనే కూర్చుంటాడు. దారిలో వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. ఆ ప్రశ్న ఆయన మళ్ళీ అడగలేదు. ఆమె ఇంకా జవాబు చెప్పలేదు.