సలి జాగల కొలువు

నాయిన పోయిండు. నాకు ఏడుపొస్తలేదు. మర్రిగూడల ఇదే పెద్ద ముచ్చటైంది.

వచ్చిన ప్రతి ఆడమనిషి నా మెడల పడి రాగం తీస్తది. వదిలిపెట్టి నా మొఖం చూస్తది. తడి లేదు. "పట్నం సదువులు సదివి రాయైంది," అంటది పక్కకు పోయి. నాకు ఇనపడేటట్టే అంటది మల్ల! మా మేనత్త అండాలుకైతే నిజంగనే ఫికరు. "ఏడ్వు బిడ్డా నవనీతా, లోపల గడ్డగడ్తది," అనుకుంట ఇంకొకామెను తోలుకొస్తది. నాకూ భయమే. నాయినంటే నాకు పానం. గా పానం ఏడబోయింది?

నేను హైదరాబాదుల చేసే పని గూడ గిట్లనే ఉంటది. అణువులను లేజర్ తోని బాగ సల్లార్పి, వెలుగుతోని ఒక్క తీరుగ దెబ్బ మీద దెబ్బ కొడ్తం. మామూలు లెక్క ప్రకారమైతే కొట్టినకొద్ది అవి ఆగమాగమై ఉరకాలె. కొంతదాక ఉరుకుతయి. ఆ తర్వాత ఎంత కొట్టినా ఉలకవు, పలకవు. దెబ్బల వరుస తప్పితేనే మల్ల కదుల్తయి.

ఇది చెప్తే నాయిన ఒక్కటే పట్టుకున్నడు. "అంత సలిల ఎట్లుంటున్నవే?"

"సలి అణువులకే నాయినా, గదికి కాదు."

"గది సల్లగ లేంది అవెట్ల సల్లగుంటయే? నన్ను ఎడ్డోన్ని చేస్తున్నవా?" ఎన్నిసార్లు చెప్పినా ఇంతే. మొండి మనిషి.

దినాలైపోయినయి, సుట్టాలు పోయిండ్రు. నేను సంచి సదురుకుంటున్న. గప్పుడే గొంగళ్లు నేసే భిక్షపతి తాత వాకిట్లకొచ్చిండు. ఆయనది దేవరకొండ దిక్కు ఊరు, సావు కబురు తెల్వదు. "మీ నాయినేడే బిడ్డా?" అన్నడు నవ్వుకుంట. అత్త చెప్పేలోపే సంకలున్న గొంగడి నా చేతుల పెట్టిండు.

"సలి జాగల కొలువట గదా నీది. జర వెడల్పు నెయ్యమన్నడు. గా సల్లటి వాటి మీద గూడ కప్పాలెనట, పాపం."

అవి సల్లగుండుడే నాకు కావాలె తాతా, అని చెప్పబోయిన. "నాయినా" అని ఒక్కటే కేక వచ్చింది. గొంగడి మొఖానికి ఒత్తుకొని ఏడుస్తనే ఉన్న.

తాత బుగులువడ్డడు. "నేనేమన్ననే?" అంటుండు. అండాలత్త ఆయనకు దండం పెడ్తాంది.