మధ్యాహ్నం ఫోను

పోలయ్యకి నత్తి. 2005లో బిలాస్‌పూర్ రైల్వేలో మా సెక్షన్‌కి క్లర్కుగా వచ్చాడు. అతను రాసిన ఫైల్లో తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదు. నోరు విప్పితే మాత్రం మొదటి అక్షరమే గొంతులో చిక్కుకునేది.

హెడ్ క్లర్కు త్రినాథరావు దాన్ని ఆట చేశాడు. భోజనాల వేళ పక్క గదిలోకి వెళ్లి, పోలయ్య బల్ల మీది ఫోనుకి రింగు ఇచ్చేవాడు. "హ... హ..." అంటూ అతను అవస్థ పడుతుంటే, అవతల నుంచి గొంతు మార్చి "కౌన్ హై? జల్దీ బోలో" అని, తొందరగా చెప్పమని హిందీలో గద్దించేవాడు. మేం నవ్వేవాళ్లం. పోలయ్య కూడా తల దించుకుని నవ్వేవాడు. అతనికీ సరదాగానే ఉందనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువుగా ఉండేది.

ఒక శుక్రవారం ఫోను మోగింది. త్రినాథరావు కుర్చీ ఖాళీగా ఉంది. పోలయ్య ఆ కుర్చీ వైపు చూసి, ఎత్తలేదు. మళ్లీ మోగింది. మూడోసారీ మోగింది. నేను పక్కనే ఉన్నాను. ఎత్తకుండా, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వాను.

కాసేపటికి త్రినాథరావు బయటి నుంచి వచ్చాడు.

"టీకెళ్లొచ్చేను. ఏటలగున్నారు?" అన్నాడు.

ఆ ఫోను పోలయ్య కూతురి బడి నుంచి వచ్చిందని సాయంత్రం తెలిసింది. పిల్ల మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. తండ్రి కోసం రెండు గంటలు ఏడుస్తూ కూర్చుందట.

ఆదివారం తార్‌బహార్‌లో వాళ్లింటికి వెళ్లాను. పిల్ల కట్టుతో పడుకుని ఉంది. పోలయ్య భార్య మంచినీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

"త్రినాథరావు గారి ఆట ఇంతవరకూ తెస్తుందనుకోలేదు" అన్నాను.

పోలయ్య జవాబివ్వడానికి చాలాసేపు పట్టింది. మాట అందించబోయి ఆగాను.

"ఆయన పక్క గదికి లేచే ముందు మీకేసి చూసేవోరు, మాధవీలత గారూ. మీరు నవ్వితేనే వెళ్లేవోరు."

నిజమే. రోజూ ఆ చూపు నా మీద పడేది. అది నాకు గొప్పగా కూడా ఉండేది.

సోమవారం అందరి ముందూ త్రినాథరావుని ఇక ఆపమన్నాను.

"సరదాకండీ. అందరికన్నా ముందు నవ్వింది మీరు కాదేటి?" అన్నాడతను.

"ఔను, నేనే. తప్పు చేశాను" అన్నాను.

పోలయ్య తలెత్తకుండా రాసుకుంటూనే ఉన్నాడు.

ఆ ఆట ఆగింది. నెల తిరక్కుండానే పోలయ్య అడిగి మరీ వేరే సెక్షన్‌కి వెళ్లిపోయాడు. వరండాలో ఎదురైతే ఇప్పటికీ నమస్కారం పెడతాడు. తిరిగి పెడతాను గానీ, అతని ముఖం చూడలేను.