వేళ్ళ లెక్క

గరాజులో అర్విడ్ బల్లకు బిగించిన కరెంటు రంపం ప్లగ్గు పీకి, కంటికి కనబడేలా బల్ల మీద పెట్టాడు. బ్లేడులో ఒక పంటికి సుద్దతో గుర్తు పెట్టి, బల్ల గాడికీ దానికీ మధ్య దూరం ముందువైపు కొలిచాడు. అదే పంటిని వెనక్కి తిప్పి మళ్ళీ కొలిచాడు. తలుపుల ఫ్యాక్టరీలో నేర్చిన అలవాటది. బ్లేడు సరిగానే ఉంది. చెక్కను ఆనించే పక్కపట్టీ మాత్రం వెనకవైపు వెంట్రుకవాసి లోపలికి ఉంది. చెక్క అక్కడ ఇరుక్కుంటే వెనక్కి తంతుంది, చేతిని బ్లేడు మీదికి లాగుతుంది.

ఆ చేతులే భార్య డొలోరిస్‌ను లేపి కుర్చీలో కూర్చోబెట్టాలి. పక్షవాతం వచ్చాక ఆమె ఎడమవైపు కదలడం లేదు. అతని చెయ్యి పోతే ఆమె డులూత్‌లోని వృద్ధాశ్రమానికి పోవలసిందే. ఆమెను వదల్లేక, చేపలకని అతను గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్ళి రెండు శీతాకాలాలైంది. ఇల్లు, గరాజు, మధ్యన ఒక తలుపు. రంపం మోతలో పిలుపు వినబడదని గోడకు ఎర్ర బల్బు బిగించాడు. దాని మీట ఆమె కుడిచేతిలో ఉంటుంది.

బల్బు వెలిగింది. లోపలికి వెళ్ళాడు.

"చేతులు చాపు," అంది డొలోరిస్.

చాపాడు. ఒక్కో వేలూ నొక్కి లెక్కపెట్టింది. గరాజు నుంచి వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు.

"పదీ ఉన్నాయి. ఇక అమ్మి పారెయ్ ఆ రంపాన్ని, ముసలోడా."

"అమ్మేస్తే రోజంతా నీ మొహం చూస్తూ కూర్చోవాలి."

"నీ మొహం చూడ్డం నాకేమన్నా పండగా? ఒళ్ళో చెక్క పళ్ళెం మీంచి సూపు గిన్నె జారిపోతోంది."

"దానికి అంచులు వెయ్యడానికే కదా ఈ కోత."

"బ్లేడు వెనక ఆ ఉక్కు రేకు బిగించావా?"

"బిగించే ఉంది."

లేదు. మొన్న గాడి కోయడానికి విప్పి అటక మీద పెట్టాడు. గాడి కోసిన వాళ్ళందరూ చేసే పనే: విప్పడం, మళ్ళీ బిగించడం మరవడం.

వెళ్ళి బిగించాడు. పక్కపట్టీ సరిచేశాడు. ప్లగ్గు పెట్టి, తోపుడు కర్రతో చెక్కను తోశాడు. సగం కోతలో చెక్క బిగుసుకుని, కోసిన చీలిక బ్లేడు మీదికి మూసుకోబోయింది. రేకు దాన్ని విడదీసి నిలిపింది. చెక్క తన్నలేదు. అంచు నున్నగా వచ్చింది.

బల్బు వెలగలేదు. నిద్రపోయి ఉంటుందనుకుని రెండో అంచు కూడా కోశాడు.

లోపల మంచం మీద ఆమె తల కిటికీ వైపు వాలి ఉంది. చెయ్యి చల్లబడింది. అర్విడ్ మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ ఆమె ముందు చాపాడు.

"రేకు విప్పే ఉండిందే," అన్నాడు. "నువ్వడిగాకే బిగించాను."

సాయంత్రం మనుషులొచ్చి ఆమెను తీసుకెళ్ళారు. ఖాళీ మంచం అంచున, తీగకు వేలాడుతూ మీట మిగిలింది.