సింహాచలమ్మ చుట్ట

నిప్పు ఎవరు పెట్టారని నిప్పు పెట్టినవాడినే అడిగి రాసుకుంటే దాన్ని ఎంక్వైరీ అంటారట. ఈ భద్రమ్మ నోరు మంచిది కాదని మా బస్తీ అంతా అంటుంది. అననీ. మా సింహాచలప్ప మీద పడ్డ నింద గురించి మాట్లాడేటప్పుడు నాకు మంచి నోరు రాదు. అక్కని మేం అప్ప అంటాం.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది, ఎండాకాలం. హిందీవాళ్ళ దేశంలో, దల్మా కొండ కింద మాది తెలుగు బస్తీ. దాదాపు అందరం శ్రీకాకుళం వైపు నుంచి కారఖానా పనులకు వచ్చినవాళ్ళమే. కొండవాలున రోడ్డు కాంట్రాక్టు పట్టిన ఠేకేదారు మనుషులు తుప్పలు నరికి కుప్పలు పోసి, ఆ మధ్యాహ్నం వాటికి నిప్పంటించి అన్నాలకు పోయారు. అక్కడే పేడ ఎత్తుకుంటున్న నేను కళ్ళారా చూశాను. అంతలో గాలి లేచింది. ఎండుటాకులు అంటుకుని, కార్చిచ్చు వాలు దిగి మా గుడిసెల మీదికి వచ్చేసింది. పసిపిల్లలు కూడా పోయారు. పుల్లల కోసం పైకి వెళ్ళిన సింహాచలప్ప మళ్ళీ దిగలేదు. పొగకు ఊపిరాడక గెడ్డవాగులో పడి ఉంది, కట్టుకున్న చీరైనా కాలలేదు.

ఎంక్వైరీ పెట్టారు. ఎక్కడ? ఠేకేదారు ఆఫీసులో. అడిగేదెవరు? ఠేకేదారు మేనేజరు. మా మాటలు ఆయనకు హిందీలో చెప్పేదెవరు? ఠేకేదారు ఉప్పు తినే, మావాళ్ళని పనుల్లో పెట్టే మేస్త్రీ పోలరాజు. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటాం?

"నాను సూసినాన్రా, నన్ను లోపలికి పంపు" అని గుమ్మంలో నిలబడి అరిచాను.

"ఆడోళ్ళని పిలవనేదు. ఎల్లి గంజి కాసుకో బద్రమ్మా" అన్నాడు పోలరాజు.

అప్ప కొడుకు సూర్యాన్ని మాత్రం పిలిచారు. కారఖానాలో ఖలాసీ కూలిపని వాడిది. మంచివాడే, కానీ వాడికో సిగ్గు ఉండేది. మా వైపు ఆడవాళ్ళలాగే అప్పా నేనూ అడ్డపొగ కాలుస్తాం. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటాం. ఒకసారి వాడితో పనిచేసే హిందీవాళ్ళు ఇంటికొచ్చి అది చూసి పడీపడీ నవ్వారు. ఆ రోజు నుంచి "జనం ముందర సుట్ట ముట్టకే అమ్మా, నా పరువు తియ్యకు" అని తల్లి ప్రాణం తోడేసేవాడు. అప్ప పెరట్లోకి పోయి కాల్చుకునేది. "నా కొడుకు దొరైపోనాడే" అని నాతో చెప్పి నవ్వేది.

మేనేజరు అందరి ముందూ "మీ అమ్మ చుట్ట కాల్చేదా?" అని అడిగాడట. చూస్తున్నవాళ్ళలో ఆ నవ్విన హిందీవాళ్ళూ ఉన్నారు.

"నై సాబ్, కభీ నై" అనేశాడు సూర్యం. ఎన్నడూ కాల్చలేదట!

ఆ మాట కోసమే కాచుకున్నట్టు పోలరాజు, అప్ప రొండిలో దొరికిన చుట్ట ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. ఇంకేముంది, కొడుకు దాస్తున్నాడంటే తల్లి చేసినట్టే! ముసలిది చుట్ట కాల్చి ఎండుటాకుల్లో పారేసిందని తేల్చేశారు. ఓరి మీ తెలివి తగలెయ్యా! అడ్డపొగ నిప్పు నోట్లో ఉంటుంది గానీ ఆకుల్లో ఎందుకు పడుతుంది? పైగా మేం చుట్ట పారెయ్యం. ఆర్పేసి, మిగిలిన ముక్క తర్వాతకి రొండిలో దోపుకుంటాం. రొండిలో ముక్క దొరికిందంటే ఆర్పిందనే కదా అర్థం? ఈ సంగతి తెలిసిన మావాళ్ళు కూడా పోలరాజు పనిలోంచి తీసేస్తాడని నోరు మెదపలేదు. బిడ్డలు పోయిన తల్లులు అప్ప ఇంటి ముందుకొచ్చి దుమ్మెత్తి పోశారు. పెద్దకర్మకు నేను తప్ప ఒక్కరూ రాలేదు.

ఆ సాయంత్రం సూర్యం నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "ఏటి సేసినాను పిన్నీ? సచ్చిపోయినోళ్ళ పాపం మాయమ్మకి అంటగట్టీసినాను."

తిట్టాలనే అనుకున్నాను. కానీ వాడి మొహం చూస్తే నోరు రాలేదు. "ఏడిత్తే నాబమేటి? బయటోడు రావాల. ఆల గంజీ తాగనోడు, మన గంజీ తాగనోడు. అందర్నీ నడిబజార్లో కూకోబెట్టి, సూసినోళ్ళని అడగాల" అన్నాను.

పట్నంలో సాక్చి వెళ్ళి ఒక పెద్ద అధికారి కాళ్ళావేళ్ళా పడ్డాం. పాపం, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అంతా విని, "కొడుకే అప్పుడొక మాట, ఇప్పుడొక మాట అంటే నేను ఏది నమ్మను?" అన్నాడు. కనుక్కుంటానని పంపించాడు. బయటివాడెవడూ రాలేదు. రోడ్డు పూర్తయింది, లారీలు తిరిగాయి.

అప్పటి నుంచి సూర్యం ఒక పని పెట్టుకున్నాడు. డ్యూటీ దిగి రాగానే వీధి గుమ్మంలో అందరికీ కనబడేలా కూర్చుని, చుట్ట వెలిగించి నిప్పున్న కొస నోట్లో పెట్టుకునేవాడు. అలవాటు లేని నోరు, నాలుక బొబ్బలెక్కింది. వాడితో పనిచేసేవాళ్ళు నవ్వారు. "ఒద్దురా నాయినా" అని నేనే ఏడ్చాను. వాడు మానలేదు.

ఒకరోజు కస్తూరమ్మ వీధిలో ఆగింది. బరంపురం వైపు మనిషి, కొత్తగా వచ్చిన కాపురం, మా అడ్డపొగ ఎరగదు. ఆ మంటల్లో కూతురిని పోగొట్టుకుంది. అప్ప ఇంటి మీద దుమ్ము పోసినవాళ్ళలో ముందున్నది ఆమే. వాడి నోటినీ, వాడి కాళ్ళ ముందున్న నేలనీ చాలాసేపు చూసింది. అక్కడ ఒక్క రవ్వ కూడా రాలలేదు.

"మీ అమ్మ సుట్ట కాల్చేదా?" అంది.

సూర్యం చుట్ట తీశాడు. "కాల్సీది వదినా. ఇలాగే కాల్సీది. నాకే సిగ్గేసినాది" అన్నాడు, గట్టిగా, వీధంతా వినబడేలా.

కస్తూరమ్మ పక్కనే ఉన్న మా అరుగు మీద కూలబడింది. నావైపు తిరిగి, "అయితే నిప్పెవరు పెట్టినారు పిన్నీ?" అంది.

నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే.