సూపర్వైజరు వేషం

నాటక సమాజంలో అందరూ అతన్ని కత్తెర అనే పిలిచేవారు. బజారులో చిన్న సెలూన్ నడిపేవాడు. జీతం భత్యం లేని ఆ సమాజంలో తాగుబోతు, పిసినారి, పిరికి పోలీసు లాంటి వేషాలన్నీ అతనివే. స్టేజీ ఎక్కితే చాలు, జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు.

ఆ ఏడు ఊళ్లో బట్టల మిల్లు తగలబడింది. సరుకు దొంగల పాలవుతోందని సూపర్వైజరు అంతకుముందే వెనక తలుపుకు తాళం వేయించాడు. చచ్చిపోయినవాళ్లంతా ఆ తలుపు దగ్గరే కుప్పగా దొరికారు. వాళ్లలో కత్తెర వాళ్ల అన్నయ్య కూడా ఉన్నాడు. తాళం సంగతి కోర్టులో చెప్పగలిగినవాళ్లు బతికి లేకపోవడంతో కేసు నిలవలేదు.

సమాజాన్ని నడిపే టీచరమ్మ ఆ ఘోరాన్నే నాటకంగా రాసింది. సూపర్వైజరు వేషం అనేసరికి అందరూ నేల చూపులు చూశారు.

“నేను వేస్తానండీ,” అన్నాడు కత్తెర.

“మీ అన్న పోయిన కథయ్యా ఇది!”

“ఆ సూపర్వైజరు గడ్డం ఇన్నాళ్లూ గీసింది నేనే. ఎలా దగ్గుతాడో, ఎలా వేలు ఆడిస్తాడో నాకంటే ఎవరికి తెలుసు?”

వదినకు నాటకం గురించి చెప్పాడు గానీ, వేషం గురించి చెప్పడానికి నోరు రాలేదు.

అతను స్టేజీ మీదికి రాగానే అలవాటు కొద్దీ హాలంతా నవ్వింది. అతను దగ్గాడు. వేలు ఆడించాడు. నవ్వు ఎక్కడిదక్కడ చచ్చింది. “ముందు సరుకు చూడండి, మనుషుల సంగతి తర్వాత!” అనగానే ముందు వరసలోంచి వదిన లేచి, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

మొహాన రంగు సగమే తుడుచుకుని వదిన ఇంటికి పరిగెత్తాడు.

“నీ తప్పేం లేదు, నాకు తెలుసు,” అంది వదిన గుమ్మంలోనే నిలబడి. “కానీ నిన్ను చూస్తే వాడే కనబడుతున్నాడయ్యా. కొన్నాళ్లు ఇటు రాకు.”

బజారులో ఎదురైనవాళ్లు భుజం తట్టి మెచ్చుకునేవారు. సెలూన్ కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోలేదు. అతని చేతి కత్తికి మెడ అప్పగించడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఒకరోజు పొద్దున్నే సూపర్వైజరు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. మాసిన గడ్డం, పీక్కుపోయిన కళ్లు.

“గీస్తావా? ఊళ్లో ఇంకెవరూ నన్ను గడప తొక్కనివ్వడం లేదు.”

కత్తెర నురగ పట్టించి కత్తి తీశాడు. గొంతు దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి కళ్లు మూసుకుని గుటక మింగాడు. తెగించే వచ్చాడని కత్తెరకు అర్థమైంది. ఒక్క గాటు చాలు. అన్న మొహం గుర్తు తెచ్చుకోబోయాడు. మార్చురీలో చూసిన నల్లటి ముద్ద తప్ప ఏదీ రాలేదు. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయింది. నున్నగా గీసి, పటిక రాశాడు.

తలెత్తితే అద్దాల తలుపు అవతల వదిన. కూరల సంచితో అలాగే నిలబడిపోయింది.

చేతులకు నురగతోనే బయటికి ఉరికాడు. “వదినా!”

“ఎందుకు గీశావు?”

అతను నురగ చేతులు పంచెకు తుడుచుకున్నాడు. ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. నెల తిరక్కుండానే కూతుర్ని తీసుకుని పుట్టింటికి, తన అన్నగారి ఊరికి మకాం మార్చేసింది. వెళ్తున్నట్టు మరిదికి కబురైనా పెట్టలేదు.

నాటకం ఆగలేదు. చుట్టుపక్కల ఊళ్లన్నీ పిలిచాయి. వెళ్లినచోటల్లా జనం లేచి అతన్ని నోటికొచ్చినట్టు తిట్టేవారు. తెర పడ్డాక కూడా కొందరు వెంటపడి తిట్టేవారు. ఇది వేషమేనని వాళ్లకు సర్దిచెప్పబోయేది టీచరమ్మ.

“తిట్టనివ్వండమ్మా,” అనేవాడు కత్తెర.