తొట్టికి తొలి గరిటె

కాఫీ పళ్ళు ఒలిచాక మిగిలే నీళ్ళు ఎర్రగా, పుల్లటి కంపుతో ఉంటాయి. వాటిలోని విషం పక్కనే పారే గెడ్డలో కలిస్తే చేపలు చచ్చి తేలతాయి. ముంచింగిపుట్టు దగ్గర మా కాఫీ యూనిట్‌లో ఆ విషాన్ని విరిచే తొట్టి నా బాధ్యత. నా పేరు విల్సన్. బీఎస్సీ మైక్రోబయాలజీ చదివాను, పొగరూ దానికి తగ్గట్టే ఉండేది.

తొట్టిలో పది పన్నెండు జాతుల బాక్టీరియా ఉండేవి. ఒకటి కొరికి వదిలింది ఇంకొకటి తింటుంది. ఒక జాతి పోతే మిగతావాటికీ పస్తే. అవి కుదురుకోవడానికి నలభై రోజులు పట్టింది. ఇదంతా తొట్టి దగ్గర పనిచేసే సోములమ్మకు చెప్పాను. ఆవిడ ఊరు దిగువన ఉంది. ఊరంతా తాగేది ఆ గెడ్డ నీళ్ళే.

"మా గుంటల్ని, పిల్లాపాపల్ని కాసే పురుగులు పస్తుండకూడదు బాబూ" అంటూ రోజూ తన అంబలిలో తొలి గరిటె తొట్టిలో పోసేది. నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

2004 డిసెంబరులో తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. తనిఖీ అయ్యేదాకా రెండు రోజులు పళ్ళు ఒలిచే మిషన్ ఆపించారు. మేనేజర్ సర్వేశ్వరరావు తొట్టి దగ్గర ముక్కు మూసుకున్నాడు.

"ఏం కంపయ్యా ఇది! రెండు బస్తాలు బ్లీచింగ్ పౌడర్ పోయించు."

"బాక్టీరియా అంతా చచ్చిపోతుంది సార్."

"చచ్చింది ఆయనకు కనపడదు. కంపయితే తెలుస్తుంది. ఉద్యోగం కావాలా, వద్దా?"

ఆ రోజు సంత, సోములమ్మ రాలేదు. నా చేతులతోనే పోశాను. ఆఫీసరు వచ్చి, తొట్టి ఆసుపత్రంత శుభ్రంగా ఉందని మెచ్చుకుని సంతకం పెట్టాడు. నలభై రోజులు మిషన్ తిప్పొద్దని మేనేజర్ని బతిమాలాను.

"సీజన్‌లోనా? పళ్ళు కుళ్ళిపోవూ?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే సోములమ్మ వచ్చి గరిటెడు అంబలి తొట్టిలో పోసింది.

"ఈయేళ కంపు లేదు బాబూ. మన పురుగులు బాగా పని సేసినట్టున్నాయి."

"అవి లేవు సోములమ్మా. నిన్న నేనే చంపేశాను."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మళ్ళీ ఎన్నాళ్ళకి వత్తాయి?"

"నలభై రోజులు."

"అందాకా మా ఊరు ఏటి తాగాల?"

షెడ్డులో మిషన్ మొదలైంది. కాసేపటికి తూములోంచి ఎర్రనీళ్ళు గెడ్డలోకి దిగాయి. ఊళ్ళో ఆడవాళ్ళు బిందెలు ముంచుకునే వేళ అది.

సోములమ్మ అంబలి కుండ అక్కడే వదిలేసి దిగువకు పరుగెత్తింది. బేగి నడిచే మనిషే. కానీ నీళ్ళు ఆవిడకంటే ముందే ఊరు చేరాయి.